తాయెత్తూ తాళమూ

2002 ఫిబ్రవరి 7. మాలి రాజధాని బమాకోలో ఆఫ్రికా నేషన్స్ కప్ సెమీఫైనల్. ఒకవైపు ఆతిథ్య జట్టు మాలి, ఎదుట కామెరూన్. ఆట ఇంకా మొదలు కాలేదు. మైదానం మీదికి వచ్చిన ఒక నడివయసు మనిషిని పోలీసులు చుట్టుముట్టి ఈడ్చుకుపోయారు. ఆ మనిషి పేరు తోమా ఎన్కోనో. 1982, 1990 ప్రపంచ కప్పుల్లో కామెరూన్ గోల్‌కీపర్. అతని ఆట చూసే తాను గోల్‌కీపర్ అవ్వాలనుకున్నానని ఇటలీ వీరుడు బుఫన్ చెప్పుకున్నాడు, కొడుకుకు అతని పేరు కూడా పెట్టుకున్నాడు. అప్పటికి ఎన్కోనో కామెరూన్ జట్టులో గోల్‌కీపర్లకు శిక్షకుడు. అతను పచ్చికలో ఏదో తాయెత్తు పడేశాడని పోలీసుల ఆరోపణ. ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య అతనిపై ఏడాది నిషేధం విధించింది. తాయెత్తు సంగతి ఎలా ఉన్నా ఆ రోజు కామెరూన్ 3-0తో గెలిచింది. ఆ టోర్నీకి ముందే, జట్ల వెంట మంత్రగాళ్లు రావడానికి వీల్లేదని సమాఖ్య ప్రకటించింది. అక్కడే ఒక చిక్కుంది. తాయెత్తుకు శక్తి లేదని నమ్మేవాడు దాన్ని నిషేధించాల్సిన పనేముంది? బంతికి కుంకుమ బొట్టు పెట్టకూడదని ఎవరూ నియమం రాయరు కదా. నిషేధం పెట్టిన పెద్దమనుషులు శక్తిని ఒప్పుకున్నారా, లేక శక్తి ఉందని నమ్మేవాళ్ల కొట్లాటకు భయపడ్డారా? రువాండా సమాఖ్య విషయంలో జవాబు రెండోదే అనిపిస్తుంది. 2016 డిసెంబరులో అక్కడ ఒక లీగ్ మ్యాచ్‌లో ఒక స్ట్రైకర్ కొట్టిన బంతి కర్రకు తగిలి తిరిగొచ్చింది. అతను గోల్‌పోస్ట్ మొదలు దగ్గరికి పరుగెత్తి అక్కడున్నదేదో పెరికి తీశాడు. గోల్‌కీపర్ అతని వెంటపడ్డాడు. కాసేపటికి అదే స్ట్రైకర్ గోల్ కొట్టాడు. ఆ తర్వాత రువాండా సమాఖ్య మంత్రతంత్రాలకు జరిమానాలు పెట్టింది.

ఇలాంటి కథలు విన్నప్పుడు చదువుకున్నవాడు అనే మాట ఒకటే: ఆఫ్రికా ఫుట్‌బాల్ బాగుపడకపోవడానికి కారణం ఇదే, కారణాలను వెతకాల్సిన చోట మంత్రాలను వెతుకుతారు, బాధ్యతను దెయ్యాల మీదికి నెడతారు. ఈ తీర్పు తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. తాయెత్తు నమ్మకం తప్పే, అందులో వాదన లేదు. కానీ బాధ్యతను గాలికి వదిలేసేది ఆ నమ్మకం కాదు. ఆ పని చేసేది చాలా మర్యాదగా కనిపించే వేరే మాట. దాని పేరు దురదృష్టం. తాయెత్తును నమ్మేవాడు కనీసం 'ఇది ఎవరు చేశారు' అని అడుగుతాడు. దురదృష్టం అనేవాడు ఆ ప్రశ్నే లేకుండా చేస్తాడు.

ముందుగా ఒక సర్దుబాటు చేసుకోవాలి. ఘనాకు చెందిన తత్వవేత్త క్వాసి విరెడు దశాబ్దాల కిందట ఒక మాట గట్టిగా చెప్పాడు. ఆఫ్రికా పల్లెలోని సంప్రదాయ నమ్మకాన్ని తెచ్చి యూరప్ ప్రయోగశాలలోని విజ్ఞానశాస్త్రం పక్కన నిలబెట్టి పోల్చడం అన్యాయం, పల్లె నమ్మకాన్ని పల్లె నమ్మకంతోనే పోల్చాలి అని. ఫుట్‌బాల్‌లో ఆ పోలిక చేయడం చాలా తేలిక. 1998 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ ఆటగాడు లారెంట్ బ్లాంక్ ప్రతి మ్యాచ్ ముందూ గోల్‌కీపర్ బార్తేజ్ గుండుకు ముద్దు పెట్టాడు. ప్రపంచమంతా ముచ్చటపడింది. ఎవరూ ఫ్రాన్స్ వెనకబాటుతనం గురించి వ్యాసాలు రాయలేదు. కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే మనం కూడా ఎన్కోనోను చూసి మరీ ఎక్కువగా నవ్వకూడదు. పెనాల్టీ తన్నబోయే కుర్రాడి భయం అన్ని ఖండాల్లోనూ ఒకటే. ఆ భయానికి తొడిగే చొక్కా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అంతే.

అసలు ప్రశ్నకు వస్తే, దాన్ని అందరికంటే చక్కగా పట్టుకున్నది ఫుట్‌బాల్‌తో ఏ సంబంధమూ లేని ఒక పుస్తకం. ఇప్పటి దక్షిణ సూడాన్, కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ సరిహద్దుల్లో ఉండే అజాందే ప్రజల గురించి మానవశాస్త్రజ్ఞుడు ఇవాన్స్ ప్రిచర్డ్ 1937లో రాసినది. అందులోని గరిసె ఉదాహరణ ప్రసిద్ధం. అజాందే ఊళ్లలో గరిసెలు గుంజల మీద ఎత్తుగా ఉంటాయి. ఎండవేళ జనం వాటి నీడలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఒక్కోసారి గరిసె కూలి కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది. ఎందుకు కూలిందని అడిగితే, చెదలు గుంజల్ని తినేశాయని చంటిపిల్లాడు కూడా చెబుతాడు. అజాందేవారికి చెదల సంగతి తెలియక కాదు. వాళ్ల ప్రశ్న వేరు: ఈ గరిసె, ఈ మనుషులు కింద ఉన్నప్పుడే, ఈ ఘడియలోనే ఎందుకు కూలాలి? ఈ రెండో 'ఎందుకు'కి మన దగ్గర జవాబు లేదు, యాదృచ్ఛికం అని వదిలేస్తాం. వాళ్లు వదలరు. ఎవరో చేతబడి చేశారంటారు. ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎత్తి చూపేవాళ్లు తక్కువ. అబద్ధమాడినవాడు, దొంగతనం చేసినవాడు, వ్యభిచరించినవాడు 'నా చేత ఇది చేతబడి చేయించింది' అంటే అజాందేవారు ఒప్పుకోరు. కుండలు వరసగా పగలగొట్టుకునే చేతకాని కుమ్మరి చేతబడి అని మొత్తుకున్నా చుట్టుపక్కలవాళ్లు నవ్వుతారు, నీకు పని రాదంటారు. అంటే ఆ నమ్మకానికీ ఒక హద్దు ఉంది. మనిషి తప్పు మనిషి తప్పే. చేతగానితనం చేతగానితనమే. అవి తీసేశాక మిగిలిన శేషానికే చేతబడి.

మన భాషలో ఈ శేషానికి ఒక మంచి పేరుంది. అదృష్టం. ఇప్పుడు ఆ మాటను లాటరీకీ పెళ్లి సంబంధాలకూ వాడుతున్నాం కానీ, అక్షరాలా దాని అర్థం 'చూడబడనిది' అనే. వైశేషిక సూత్రాల్లో కణాదుడు ఈ మాటను భౌతిక విషయాలకే వాడాడు. సూది అయస్కాంతం వైపు ఎందుకు జరుగుతుంది? మంట పైకే ఎందుకు లేస్తుంది? అదృష్టం వల్ల. అంటే కారణం లేదని కాదు, ఉంది, కంటికి కనపడటం లేదు. తర్వాతి కాలంలో న్యాయ వైశేషికులు దాన్ని ఆత్మను అంటిపెట్టుకున్న ధర్మాధర్మాలుగా వివరించారు. ఆ చర్చలోకి ఇక్కడ వెళ్లనక్కర్లేదు. నాకు కావలసింది ఆ మాట లోపలి నిజాయితీ. ఈ రోజు సూది ఎందుకు కదులుతుందో మనకు తెలుసు. నిన్నటి అదృష్టం ఇవాళ దృష్టమైంది. కాబట్టి ఎవరైనా 'అదృష్టం బాగాలేదు' అన్నప్పుడు వెంటనే రెండో ప్రశ్న వేయాలి: కనపడలేదా, చూడలేదా? కనపడకపోవడం జ్ఞానానికున్న హద్దు. చూడకపోవడం మనిషి నడత. ఆఫ్రికా ఫుట్‌బాల్‌లో దురదృష్టం పేరుతో చలామణి అయ్యేదాంట్లో ఎక్కువ భాగం రెండో రకం.

దీనికి ఐవరీ కోస్ట్ కథకు మించిన సాక్ష్యం నాకు కనపడలేదు. 1992 జనవరిలో డకార్‌లో జరిగిన నేషన్స్ కప్ ఫైనల్లో ఐవరీ కోస్ట్, ఘనా గోల్ లేకుండా ముగించాయి. పెనాల్టీల్లో రెండు వైపులా గోల్‌కీపర్లతో సహా అందరూ తన్నాక, చివరికి 11-10తో ఐవరీ కోస్ట్ గెలిచింది. ఆ గెలుపులో తమ వాటా ఉందని అబిజాన్‌కు చేరువలోని అక్రాడియో అనే ఊరి మంత్రగాళ్లు అన్నారు. వాళ్ల చేత పూజలు చేయించుకున్న అప్పటి క్రీడల మంత్రి ప్రతిఫలం ఇస్తానని మాటిచ్చి తర్వాత ఇవ్వలేదని వాళ్ల ఫిర్యాదు. కోపంతో జట్టును శపించారు. పదేళ్లపాటు జట్టు మళ్లీ కప్పు ముఖం చూడలేదు. 2002లో రక్షణ మంత్రి మోయిజ్ లిడా కువాసి స్వయంగా ఆ ఊరికి వెళ్లి, ఇచ్చిన మాట తప్పినందుకు క్షమించమని అడిగి, ఒక సీసా మద్యమూ సుమారు 2,000 డాలర్ల విలువైన డబ్బూ సమర్పించాడు. ఒక దేశపు రక్షణ మంత్రి అలా చేశాడంటే నవ్వు వస్తుంది. వార్త రాసిన విదేశీ పత్రికలూ నవ్వించడానికే రాశాయి. శాపం లెక్కకు నిలవదు కూడా. బాకీ తీరిన నాలుగేళ్లకు, 2006లో, కైరోలో ఈజిప్టు చేతిలో పెనాల్టీల్లోనే ఫైనల్ పోయింది. 2012లో లిబ్రవిల్‌లో జాంబియా చేతిలో మళ్లీ పెనాల్టీల్లో. ఆ మ్యాచ్‌లో ఐవరీ కోస్ట్ ఆటగాడు ద్రోగ్బా రెండో అర్ధభాగంలో వచ్చిన పెనాల్టీని ఆకాశానికి తన్నాడు. 2015లో, బాకీ తీరిన పదమూడేళ్లకు, మళ్లీ ఘనా మీదే, మళ్లీ 0-0 తర్వాతే, 9-8తో గెలిచింది. ఆఖరి పెనాల్టీ కొట్టినవాడు గోల్‌కీపర్ బారీ. శాపం తీరడానికి పదమూడేళ్లు పడుతుందని నమ్మేవాడికి ఏ సాక్ష్యమూ అడ్డు రాదు. వాడిని ఓడించే తర్కం ఎవరి దగ్గరా లేదు.

కానీ కథను ఇంకోసారి, మంత్రం తీసేసి చదవండి. మిగిలేది ఏమిటి? ఒక పని చేయించుకున్నారు, గెలిచారు, డబ్బిస్తామన్నవాళ్లు ఇవ్వలేదు. పనివాళ్లు అడిగారు, పదేళ్లు అడిగారు, చివరికి మంత్రి వచ్చి బాకీ తీర్చి తప్పు ఒప్పుకున్నాడు. ఇది శాపం కథ కంటే ముందు బాకీ కథ. ఇదే కథ ఆ ఖండపు ఫుట్‌బాల్‌లో మంత్రగాళ్లు లేకుండా ఎన్నిసార్లు జరిగిందో చూస్తే నవ్వు ఆగిపోతుంది. 2006 ప్రపంచ కప్‌లో టోగో ఆటగాళ్లు డబ్బు కోసం మ్యాచ్ ఆడబోమన్నారు, వాళ్ల కోచ్ ఒట్టో ఫిస్టర్ మధ్యలో వెళ్లిపోయి తిరిగొచ్చాడు. 2014లో కామెరూన్ జట్టు బ్రెజిల్ విమానం ఎక్కడానికే నిరాకరించింది. అదే కప్‌లో నైజీరియా ఆటగాళ్లు సాధన మానేశారు. ఘనా ఆటగాళ్లు సమాఖ్య మాట నమ్మక చేతికి నగదు ఇస్తే తప్ప ఆడమన్నారు. ప్రభుత్వం 30 లక్షల డాలర్ల నోట్లను ప్రత్యేక విమానంలో పంపింది. 2016 డిసెంబరులో నైజీరియా మహిళల జట్టు ఆఫ్రికా కప్పు గెలుచుకొచ్చి, అబూజా హోటల్ గదులు ఖాళీ చేయకుండా కూర్చుంది. రావలసిన డబ్బు కోసం పార్లమెంటు దగ్గరికి వెళ్లి నిలబడింది. గెలిచినవాళ్లకే ఇలా ఉంటే ఓడినవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. మాట తప్పినవాడిని పేరు పెట్టి పిలిచి, వచ్చి బాకీ తీర్చమని అడిగిన విషయంలో అక్రాడియో మంత్రగాళ్లకూ ఈ ఆటగాళ్లకూ తేడా లేదు. తేడా పనిముట్టులో ఉంది. వాళ్లది శాపం, వీళ్లది సమ్మె. సమ్మె ఎక్కువ పని చేస్తుందన్నది వేరే సంగతి. రెండింటి వెనకా ఉన్న నైతిక దృష్టి ఒకటే: జరిగినదానికి ఒక మనిషి ఉన్నాడు, అతనికి ఒక పేరుంది.

ఇప్పుడు మర్యాదస్తుల భాషకు వద్దాం. 2022 జనవరి 24న యవుందేలోని ఒలెంబే స్టేడియం దగ్గర, కామెరూన్, కొమొరోస్ నేషన్స్ కప్ మ్యాచ్‌కు వచ్చిన జనం ఒక గేటు దగ్గర తొక్కిసలాటలో చిక్కుకుని ఎనిమిది మంది చనిపోయారు. లోపల మ్యాచ్ జరిగింది. మర్నాడు ఆఫ్రికా సమాఖ్య అధ్యక్షుడు పాట్రీస్ మొత్సెపే విలేకరులతో మాట్లాడుతూ, తెరిచి ఉండాల్సిన గేటు మూసి ఉందన్నారు. అది తెరిచి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదన్నారు. ఎందుకు మూసి ఉందో మాత్రం వివరణకు అందడం లేదన్నారు. ఆయన విచారణ కోరారు, దుఃఖం నిజమైనదే, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ ఆ మాటను ఒకసారి అజాందే గరిసె పక్కన పెట్టి చూడండి. గరిసె విషయంలో చెదలు అందరికీ తెలుసు, మిస్టరీ ఆ ఘడియలో ఉంది. ఇక్కడ ఘడియలో మిస్టరీ లేదు. ఆతిథ్య దేశం ఆడే నాకౌట్ మ్యాచ్‌కు జనం ఏ వేళకు, ఏ గేటుకు వస్తారో ముందే తెలుసు. మిస్టరీగా మిగిలింది తాళం. తాళం దానంతటది పడదు. ఒక చెయ్యి వేసింది, ఒక నోరు వేయమని చెప్పింది. వివరణకు అందనిది ఉంటే అది గ్రహచారంలో ఉండాలి గానీ గేటులో కాదు. పది రోజులకే అదే స్టేడియంలో సెమీఫైనల్, ఆపైన ఫైనల్ జరిగాయి. 2015 జూలైలో రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాట గుర్తున్న తెలుగువాళ్లకు ఈ వరస కొత్తగా అనిపించదు. మొదట దిగ్భ్రాంతి, తర్వాత పరిహారం, తర్వాత జనమే ఎగబడ్డారన్న మాట, చివరికి విధి.

ఇంకా లోతుకు వెళ్లాలంటే జాంబియా విమానం సంగతి చూడాలి. 1993 ఏప్రిల్ 27 రాత్రి, సెనెగల్‌తో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌కు వెళుతున్న జాంబియా జట్టు విమానం లిబ్రవిల్‌లో ఇంధనం నింపుకొని పైకి లేచిన కాసేపటికే సముద్రంలో కూలింది. 18 మంది ఆటగాళ్లతో సహా 30 మందీ చనిపోయారు. పత్తాలేకుండా పోయిన ఒక తరం అది. యూరప్‌లో ఆడుతున్నందున ఆ విమానంలో లేని కలూషా బ్వాల్యా తర్వాత కొత్త జట్టును నడిపించాడు. పంతొమ్మిదేళ్లకు, 2012లో, అదే లిబ్రవిల్‌లో, ఐవరీ కోస్ట్ మీద పెనాల్టీల్లో గెలిచి జాంబియా మొదటిసారి కప్పు తీసుకుంది. ఫైనల్‌కు ముందు ఆటగాళ్లు సముద్రం ఒడ్డుకు వెళ్లి పూలు వేశారు. చనిపోయినవాళ్ల ఆత్మలే ఆడించాయని జాంబియాలో ఎందరో అన్నారు. ఆ మాట వినగానే కళ్లు చెమర్చని వాడు రాయి. నేను దాన్ని కాదనడం లేదు కూడా. కానీ ఆ కథ ఎంత అందమైనదంటే, దాని వెలుగులో ఇంకో కథ కనపడకుండా పోతుంది. అది సైన్యానికి చెందిన పాత విమానం. నెలల తరబడి ఎగరకుండా ఉండి, ప్రయాణానికి కొద్ది రోజుల ముందే మళ్లీ సేవలోకి వచ్చింది. ఇంజిన్‌లో లోపాలు ముందే కనపడ్డాయి. డబ్బు లేక జట్టు అందులోనే ఖండం దాటాల్సి వచ్చింది. పైకి లేచాక ఒక ఇంజిన్‌కు నిప్పంటుకుంటే, అలసి ఉన్న పైలట్ పొరపాటున బాగున్న ఇంజిన్‌ను ఆపేశాడు, హెచ్చరిక దీపం సరిగా పనిచేయకపోవడమూ ఒక కారణం అని గాబోన్ నివేదిక తేల్చింది. ఆ నివేదిక వెలువడింది 2003లో. పదేళ్లు! కారణం అదృష్టంగా ఉన్నది ఆ పదేళ్లే. అది కనపడనందువల్ల కాదు, సొరుగులో ఉన్నందువల్ల.

ఇక్కడ నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. 'ఎవరు చేశారు' అని అడిగే అలవాటును నువ్వు మెచ్చుకుంటున్నావు. ఆ అలవాటు మనుషుల్ని చంపుతుంది, తెలుసా అని. తెలుసు. 2008 సెప్టెంబరులో తూర్పు కాంగోలోని బుటెంబోలో ఒక స్థానిక మ్యాచ్ జరుగుతుండగా, ఓడుతున్న జట్టు గోల్‌కీపర్ మైదానం అడ్డంగా ముందుకు వచ్చి మంత్రం వేస్తున్నాడని గొడవ మొదలైంది. అది కొట్లాటగా మారింది. పోలీసులు బాష్పవాయువు వదిలారు. జనం పరుగెత్తారు. 13 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. ఫుట్‌బాల్ బయట కూడా చేతబడి ఆరోపణకు బలయ్యేది ఎప్పుడూ ఒంటరి ముసలమ్మే, పొరుగింటి బక్కవాడే. మంత్రి ఎప్పుడూ కాడు. తెలంగాణలో బాణామతి పేరుతో ఎవరిని కొట్టి చంపారో గుర్తు చేసుకుంటే ఈ అభ్యంతరం బరువు తెలుస్తుంది. కాబట్టి దీన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను: పేరు అడగడం ఒక్కటే చాలదు. విచారణ లేని వేలు ఎప్పుడూ బలహీనుడి వైపే తిరుగుతుంది. కానీ బుటెంబో వార్త ప్రపంచానికి ఎలా చేరిందో గమనించండి. మంత్రం వల్ల అల్లర్లు, మరణాలు అని. శీర్షికలో మంత్రం మిగిలింది. ఆవరణలోకి వదిలిన బాష్పవాయువు వార్త కిందికి జారిపోయింది. గోల్‌కీపర్ మంత్రం ఒక్కరినీ చంపలేదు. అంటే మూఢనమ్మకాన్ని తప్పుపట్టే తొందరలో మనం కూడా గోల్‌కీపర్ పేరే పట్టుకుని, బాష్పవాయువును మరిచిపోతున్నాం. ఆ జనమూ మనమూ చేసిన పొరపాటు ఒకటే.

రెండో అభ్యంతరం ఇంతకన్నా సూక్ష్మమైనది. లోకంలో నిజమైన యాదృచ్ఛికం ఉంది కదా, ప్రతిదానికీ ఒకరిని బాధ్యుణ్ణి చేయడం పసితనం కదా అని. ఉంది. ఫుట్‌బాల్ అందుకే ఫుట్‌బాల్. 2024లో స్వదేశంలో జరిగిన నేషన్స్ కప్‌లో ఐవరీ కోస్ట్ ఈక్వటోరియల్ గినీ చేతిలో 4-0తో ఓడింది, కోచ్‌ను మధ్యలో తీసేసింది, మొరాకో జాంబియాను ఓడించడం వల్ల మాత్రమే మూడో స్థానంతో తర్వాతి దశలోకి జారింది. అబిజాన్ కుర్రాళ్లు మొరాకో చొక్కాలు తొడుక్కుని తిరిగారు. చివరికి ఫైనల్లో నైజీరియాపై 81వ నిమిషంలో విజయపు గోల్ కొట్టినవాడు సెబాస్టియన్ హాలే, 2022లో క్యాన్సర్ బయటపడి మళ్లీ మైదానానికి వచ్చినవాడు. ఇందులో ఎంత శ్రమ, ఎంత అదృష్టం అని విడదీయగలవాడు లేడు. 2010 జూలై 2 రాత్రి జొహానెస్‌బర్గ్‌లో మరో ముఖం కనిపించింది. ఘనా, ఉరుగ్వే ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, అదనపు సమయం ఆఖరి క్షణాలు, గోల్‌లోకి పోతున్న బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేత్తో ఆపాడు. ఎర్రకార్డు. పెనాల్టీ. అసమోవా జ్యాన్ తన్నిన బంతి పైకర్రకు తగిలి ఎగిరిపోయింది. అది లోపలికి పోయి ఉంటే ప్రపంచ కప్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టు ఘనాయే. నైతిక అదృష్టం గురించి బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో మొదలుపెట్టిన చర్చ మొత్తం ఆ కర్ర మీద ఉంది. మన చేతిలో లేని రెండంగుళాలు మనం వీరులమో దోషులమో తేలుస్తాయా? తేలుస్తాయి. అది అన్యాయమే. కానీ తర్వాత జరిగింది చూడండి. నిమిషాలు గడవకముందే షూటౌట్ మొదలైంది. ఘనా తరఫున మొదట వచ్చి బంతి పెట్టినవాడు జ్యానే. ఈసారి పైమూలలోకి కొట్టాడు. ఘనా ఓడింది. అతను ఏడ్చాడు, కానీ తన కాలి బంతిని దెయ్యానికి ఇవ్వలేదు. యాదృచ్ఛికం ఎక్కువగా ఉన్నచోటే, ఆ పచ్చిక మీదే, బాధ్యత తీసుకునేవాళ్లు కనపడతారు. గేటు, విమానం, చెల్లింపు చెక్కు లాంటి యాదృచ్ఛికం అతి తక్కువ ఉన్న చోట్ల మాత్రం అందరూ విధిని తలుచుకుంటారు. ఈ విడ్డూరమే నన్ను ఈ వాదన వైపు నెట్టింది.

ఇంకొకటి మిగిలింది, దాన్ని తోసేయడం కుదరదు. విధి, దైవేచ్ఛ అనే మాటల్ని ఇలా నిలదీస్తే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏ మాట పట్టుకుని బతకాలి? ఆఫ్రికాలో ఇస్లాం, క్రైస్తవం, పూర్వీకుల ఆరాధన మూడూ ఆ తల్లికి ఒక మాట ఇచ్చాయి. దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడన్న అర్థం వచ్చే మాట. ఆ మాట అబద్ధమని నిరూపించే హక్కు నాకు లేదు, అవసరమూ లేదు. మతం చేసే పనుల్లో మనిషిని మర్నాటి పొద్దుకు చేర్చడం కన్నా పెద్దది నాకు తెలియదు. నా వాదన మాట గురించి కాదు, నోరు గురించి. తల్లి నోట 'దేవుడి ఇష్టం' అనేది సహనం. తాళంచెవి జేబులో పెట్టుకున్నవాడి నోట అదే మాట తప్పించుకోవడం. ఒకే వాక్యం ఇద్దరి నోట రెండు పనులు చేస్తుంది. తల్లి తన దుఃఖాన్ని దేవుడికి అప్పగిస్తోంది, అది ఆమె సొంతం కాబట్టి అప్పగించవచ్చు. అధికారి అప్పగిస్తున్నది తన బాధ్యతను. దాన్ని పైకి బదిలీ చేసే వీలు ఏ మతంలోనూ లేదు. కర్మ సిద్ధాంతమైతే మరీ నిక్కచ్చి: చేసినవాడికే చెందుతుంది. చచ్చినవాడి కర్మ అనుకునే మనం, గేటు మూసినవాడి కర్మ గురించి అంతే శ్రద్ధగా ఎప్పుడైనా మాట్లాడామా అన్నది ఆలోచించాలి. చేతకాని కుమ్మరిని చూసి నవ్విన అజాందే పొరుగువాళ్లకు ఈ తేడా తెలుసు.

ఘనాకూ తెలుసు, చాలా ఖరీదుకు నేర్చుకుంది. 2001 మే 9న అక్రా స్టేడియంలో హార్ట్స్ ఆఫ్ ఓక్, అసాంటే కొటోకో మ్యాచ్ చివర్లో, ఓడుతున్న కొటోకో అభిమానులు కుర్చీలు విరిచి విసిరారు. పోలీసులు నిండుగా ఉన్న స్టాండ్‌లోకి బాష్పవాయువు గుళ్లు పేల్చారు. జనం మెట్ల కిందికి పరుగెత్తారు. కింద గేట్లకు తాళాలు. 120 మందికి పైగా చనిపోయారు. ఆఫ్రికా స్టేడియాల్లో జరిగిన అతి పెద్ద ఘోరాల్లో అది ఒకటి. ఇక్కడ ఎవరూ మంత్రం మాట ఎత్తలేదు, విధి అని కూడా సరిపెట్టలేదు. విచారణ సంఘం వేశారు, అది పోలీసుల తీరునూ తాళాలనూ వైద్యసహాయం లేకపోవడాన్నీ పేర్కొంది. ఆరుగురు పోలీసు అధికారుల మీద కేసు నడిచింది. 2003లో కోర్టు వాళ్లను విడిచిపెట్టింది. శిక్ష పడలేదు కాబట్టి విచారణ వృథా అనేవాళ్లున్నారు. నేను అనను. ఆ నివేదిక తర్వాత అక్రాలో చనిపోయినవాళ్లది దురదృష్టం అని చెప్పి తప్పించుకోవడం ఎవరికీ తేలిక కాదు. ఏ రోజు, ఏ గుళ్లు, ఏ తాళాలు అన్నది కాగితం మీద ఉంది. ఏటా మే 9న జనం మళ్లీ అక్కడికి వస్తారు. స్టేడియం బయట ఒక కంచు విగ్రహం ఉంది. ఒక అభిమాని ఇంకో అభిమానిని చేతుల మీద ఎత్తుకుని మోస్తూ ఉంటాడు. కింద చెక్కిన మాట బైబిల్లోది. తమ్ముణ్ణి చంపి వచ్చిన కయీనును దేవుడు హేబెలు ఎక్కడని అడిగితే, వాడికి నేనేమన్నా కాపలాదారునా అని అతను ఎదురు ప్రశ్న వేస్తాడు. అక్రాలో ఆ మాటలోని ప్రశ్నను తీసేసి, అవును, నేనే అన్నట్టుగా చెక్కారు. మ్యాచ్ రోజుల్లో జనం దాని పక్కనుంచే గేట్ల వైపు నడుస్తారు.